దొంగని కట్టేసే తాడు, నాన్నకి చెప్పే సాకు

ఎనిమిది అంగుళాల తాడు ముక్క ఉంటే చాలు, ఇంట్లో దూరిన దొంగని కట్టిపడెయ్యొచ్చట. తాడు రెండు కొసల్లోనూ జారుముడి వెయ్యాలి, దొంగ చేతులు వెనక్కి తెచ్చి రెండు చిటికెన వేళ్లకీ చెరో ఉచ్చు తగిలించాలి, మనిషిని బోర్లా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి పాదాలు రెండూ ఆ తాడు కిందకి దూర్చెయ్యాలి, అంతే, ఇంక వాడు ఎక్కడికీ పోలేడు. ఇది ఏ పోలీస్ ట్రైనింగ్ మాన్యువల్లోదో కాదండి. 1912లో ఇంగ్లండులో గర్ల్ గైడ్స్ అనే, స్కౌట్స్ లాంటి ఆడపిల్లల సంఘం కోసం అచ్చేసిన హ్యాండ్‌బుక్ లోది. దాని రెండో పేరు ఇంకా ఘనంగా ఉంటుంది, సామ్రాజ్యాన్ని కట్టడానికి ఆడపిల్లలు ఎలా సాయపడొచ్చు అని. నేను లంగా బొందు ముక్క తీసుకుని మా తమ్ముడి మీద ఈ పద్ధతి ప్రయత్నించా. ముడి నిజంగానే పనిచేస్తుంది, చిటికెన వేలు లాగితే నొప్పి మామూలుగా ఉండదు, వాడు కాళ్లు తీసుకోలేక గింజుకున్నాడు. కాకపోతే దొంగగారు ముందు బుద్ధిగా బోర్లా పడుకోవడానికి ఒప్పుకోవాలి, ఆ సంగతి పుస్తకంలో లేదు.

ఈ పుస్తకం గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు ఈ దొంగ పేజీ చూపించి, చూశారా, ఆ రోజుల్లోనే ఆడపిల్లలకి ఎంత ధైర్యం నేర్పారో అని మురిసిపోతారు. ఇంకొకళ్లు వంటా, పసిపిల్లల పెంపకం, రోగి పక్క మీద దుప్పటి ఎలా మార్చాలి లాంటి పేజీలు చూపించి, ఇదంతా ఆడాళ్లని మంచి ఇల్లాళ్లుగా తయారుచేసే కుట్ర అని తిట్టిపోస్తారు. రెండూ ఒకే అట్ట మధ్యన ఎందుకున్నాయి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా వేసుకోరు. నాకైతే ఆ ప్రశ్నే ముఖ్యం అనిపించింది. నా వాదన ఏంటంటే, ఆ పుస్తకంలో ముందుమాట, ఉపదేశాలు అన్నీ నాన్నల కోసం రాసినవి, లోపలి పేజీలు అమ్మాయిల కోసం రాసినవి. పిల్లలకి చేదు మాత్ర బెల్లంలో పెట్టి మింగిస్తాం కదా, ఇక్కడ తిరగేసి, బెల్లాన్ని మాత్రలో పెట్టారు. పైన కనపడేదంతా ఇల్లు, సేవ, త్యాగం. లోపల అడవి, నక్షత్రాలు, తాళ్లు, మంట.

కథ ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. రాబర్ట్ బేడెన్ పావెల్ అనే బ్రిటిష్ సైనికాధికారి, మన దేశంలో కూడా పనిచేసినవాడే, దక్షిణాఫ్రికాలో మఫెకింగ్ అనే ఊళ్లో శత్రువుల ముట్టడిని తట్టుకుని ఇంగ్లండులో పెద్ద హీరో అయిపోయాడు. ఆ ముట్టడిలో కుర్రాళ్లు ఉత్తరాలు మోసుకుంటూ తిరగడం చూశాడు, తర్వాత 1907లో బ్రౌన్‌సీ అనే ద్వీపంలో కొంతమంది మగపిల్లల్ని పెట్టుకుని క్యాంపు చేశాడు, 1908లో వాళ్ల కోసం స్కౌటింగ్ పుస్తకం రాశాడు, స్కౌట్ల ఉద్యమం అలా మొదలైంది. ఆ పుస్తకం వాయిదాల పద్ధతిలో వచ్చింది, కొట్లో అమ్మేది, డబ్బులుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. అక్కడే వచ్చింది చిక్కు. అన్నదమ్ములు కొని తెచ్చుకున్న పుస్తకం ఇంట్లో పడుంటే అక్కచెల్లెళ్లు చదవకుండా ఉంటారా? చదివారు. చదివి ఊరుకోకుండా తమంతట తాము జట్లు కట్టేసుకున్నారు, నక్కల జట్టు, తోడేళ్ల జట్టు అని పేర్లు పెట్టుకున్నారు, పూర్తి పేరు రాస్తే ఆడపిల్లని తెలిసిపోతుందని పొడి అక్షరాలతో పేర్లు నమోదు చేయించుకున్న వాళ్లూ ఉన్నారు. 1909 సెప్టెంబర్‌లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర వేలమంది స్కౌట్ కుర్రాళ్ల ర్యాలీ జరిగితే, పిలవని పేరంటానికి ఒక ఆడపిల్లల జట్టు టోపీలు, కర్రలతో సహా దిగిపోయింది. మేం గర్ల్ స్కౌట్స్ అని చెప్పుకున్నారు.

అంటే గమనించండి, ఆడపిల్లలకి ఎవరో ఉద్యమం పెట్టి, రండమ్మా అని పిలవలేదు. వాళ్లే ముందు వచ్చేశారు. వచ్చేసినవాళ్లని ఏం చెయ్యాలో తెలియక తర్వాత ఒక ఉద్యమం, దానికొక హ్యాండ్‌బుక్ తయారుచేశారు. ఇది మర్చిపోతే ఆ పుస్తకం అర్థం కాదు. అప్పటికి లండన్‌లో ఓటు హక్కు కోసం ఆడవాళ్లు రోడ్డెక్కి జైళ్లకి పోతున్నారు, పత్రికలు గోల గోల చేస్తున్నాయి, ఆ టైంలో పదమూడేళ్ల పిల్లలు కర్రలు పట్టుకుని పొలాల్లో పడి తిరుగుతుంటే పరువుగల కుటుంబాలు ఎలా బెదిరిపోయి ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మన వీధిలోనే చూశాం కదా. దాంతో 1910లో గర్ల్ గైడ్స్ అని వేరే సంస్థ పెట్టి, ఆ సారథ్యం చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పజెప్పాడు బేడెన్ పావెల్. మొదటి పని ఏం చేశారంటే నక్కలు, తోడేళ్లు తీసేసి జట్లకి పూల పేర్లు పెట్టారు. నిన్నటిదాకా తోడేలుగా ఉన్న పిల్ల ఇవాళ గులాబీ అయిపోయింది. కొంతమంది పిల్లలకి ఇది అస్సలు నచ్చలేదు, నచ్చకపోవడం న్యాయమే.

ఇంకో చిన్న ముచ్చట, నాకు భలే నచ్చింది. స్కౌట్ల నియమాల్లో ఎనిమిదోది, ఎంత కష్టం వచ్చినా స్కౌటు నవ్వుతూ ఈల వేస్తాడు అని. గైడ్ల దగ్గరికి వచ్చేసరికి అదే నియమం, నవ్వుతూ పాట పాడుతుంది అయింది. ఆడపిల్ల ఈల వెయ్యడం అక్కడా కుదర్లేదన్నమాట. మా నాయనమ్మకి ఈ సంగతి తెలిసుంటే ఇంగ్లీషువాళ్ల మీద గౌరవం పెరిగేది.

ఇక ఆగ్నెస్ గురించి. ఈవిడ విచిత్రమైన మనిషి. ఇంట్లో తేనెటీగలు పెంచేది, సీతాకోకచిలుకలు పెంచేది, ఇంకో అన్నదమ్ముడితో కలిసి బెలూన్లు తయారుచేసి వాటిలో ఆకాశంలోకి ఎగిరేది. పెళ్లి చేసుకోలేదు. అలాంటి మనిషి పుస్తకం రాయడానికి కూర్చుని ఏం రాసింది? ఆడపిల్లలు మరీ మగరాయుళ్లలా తయారవకూడదు, ఒళ్లు అదిరిపోయే కసరత్తులు చేస్తే ఆడవాళ్ల లోపలి అవయవాలు దెబ్బతింటాయి అని. తను మాత్రం బెలూన్‌లో ఎగిరింది, పిల్లలకి మాత్రం గెంతొద్దు అంది. దీన్ని చూసి చాలామంది ఆవిడని పాతకాలపు మనిషిగా తీసిపారేస్తారు. నాకలా అనిపించదు. ఆవిడకి తన ఎదురుగా ఎవరు కూర్చున్నారో తెలుసు. పుస్తకం కొనేది అమ్మాయి కాదు, అమ్మాయి తండ్రి. ఆయన అట్ట తిప్పి రెండు మూడు పేజీలు చూస్తాడు, సేవ, నర్సింగ్, గృహనిర్వహణ, దేశభక్తి, బాగానే ఉంది అనుకుని డబ్బులిస్తాడు. ఆయన నూట ఇరవయ్యో పేజీ దాకా వెళ్లడు. కావాలనే ఇంత లెక్కేసి రాసిందని నేను ప్రమాణం చెయ్యలేను, కానీ పుస్తకం అమరిక చూస్తే లెక్క వెయ్యకపోయినా లెక్క కుదిరింది అనిపిస్తుంది.

అమరిక అంటే ఇలా ఉంటుంది. ఒక పెద్ద భాగం గాయపడ్డవాళ్లని వెతకడం గురించి. వినడానికి ఎంత సాత్వికంగా ఉందో చూడండి, యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల్ని వెతికి కాపాడే చల్లని తల్లులు అన్నట్టు. కానీ గాయపడ్డవాణ్ణి వెతకాలంటే ఏం రావాలి? రాత్రిపూట దిక్కులు తెలియాలి, కాబట్టి నక్షత్రాలు నేర్పాలి. మనిషి ఎటు వెళ్లాడో అడుగుజాడలు పట్టాలి, కాబట్టి జాడ తియ్యడం నేర్పాలి. దొరికాక దూరంగా ఉన్నవాళ్లకి కబురు పంపాలి, కాబట్టి జెండాలతో సిగ్నలింగ్, మోర్స్ సంకేతాలు నేర్పాలి. మ్యాపు చదవాలి, వాగు దాటాలి, ఆరుబయట పడుకోవాలి, మంట వెయ్యాలి. మగపిల్లల పుస్తకంలో సరదా కోసం ఉన్న ప్రతి విద్యా ఇక్కడికి వచ్చేసింది, కాకపోతే ప్రతిదాని పక్కనా పుణ్యం లాంటి ఒక కారణం కూర్చోబెట్టారు. ఇంకో భాగం సరిహద్దు జీవితం గురించి. రేపు పెళ్లై మొగుడితో ఆఫ్రికాకో కెనడాకో పోతే అక్కడ డాక్టరు ఉండడు, కసాయి ఉండడు, పనివాళ్లు ఉండరు, అందుకని ఇప్పుడే టెంటు వెయ్యడం, పాలు పితకడం, అన్నీ నేర్చుకో అని. పెళ్లి పేరు చెప్పి పిల్లని అడవిలోకి పంపడం నేను ఇంకెక్కడా చూడలేదు, మన దగ్గర పెళ్లి పేరు చెప్పి ఉన్న బడి మాన్పించడమే తెలుసు.

నిజం చెప్పాలంటే పుస్తకం కుదురుగా ఏమీ ఉండదు. సగం వాళ్లన్న పుస్తకంలోంచి ఎత్తి పెట్టింది, మిగతా సగం ఎక్కడెక్కడివో. నీలం అట్ట, లోపల గందరగోళం, అందుకని అప్పటి గైడర్లే, అంటే జట్లని నడిపే పెద్దవాళ్లే, దాన్ని వెక్కిరిస్తూ ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు. తర్వాత 1918లో బేడెన్ పావెల్ స్వయంగా ఇంకో పుస్తకం రాసి దీన్ని పక్కకి నెట్టేశాడు, అదే ఏడాది ఆయన భార్య ఓలేవ్ చీఫ్ గైడ్ అయింది, 1920లో అధ్యక్ష పదవి కూడా ఆగ్నెస్ చేతిలోంచి రాకుమారి మేరీకి వెళ్లిపోయింది. ఆడపడుచు వర్సెస్ కొత్త కోడలు కథ అన్నమాట, దాని గురించి ఇంతకంటే చెప్పను, మనకి సీరియళ్లు చాలానే ఉన్నాయి.

అమెరికా సంగతి ఇంకా బాగుంటుంది. జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ, చెవుడు ఉన్న మనిషి, బేడెన్ పావెల్ కుటుంబంతో స్నేహం వల్ల ఇదంతా చూసి, 1912 మార్చి 12న జార్జియా రాష్ట్రంలో సవానా ఊళ్లో 18 మంది అమ్మాయిలతో మొదలుపెట్టింది. అక్కడ ఆ పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు. వదులు నిక్కర్లు వేసుకుని ఆడుతున్నారు కాబట్టి దారినపోయే మగాళ్లకి కనపడకుండా మైదానం చుట్టూ పెద్ద కాన్వాసు పరదాలు కట్టేవాళ్లు. పరదా లోపల ఆట. హ్యాండ్‌బుక్ మొత్తం ఆ పరదా లాంటి ఏర్పాటే అని నాకు అనిపిస్తుంది, బయటినుంచి చూస్తే గుడ్డ, లోపల పిల్లలు గెంతుతున్నారు.

1913లో అమెరికా కోసం అదే పుస్తకాన్ని డబ్ల్యూ. జె. హాక్సీ అనే ప్రకృతి శాస్త్రవేత్త తిరగరాశాడు, సామ్రాజ్యం మాట తీసేసి దేశం అని పెట్టాడు, దొంగని కట్టేసే పేజీ మాత్రం తియ్యలేదు. అందులో ఉద్యోగాల గురించి ఒక పేరా ఉంది, ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. బాగా చదువుకున్న ఆడవాళ్లు అనువాదం, లైబ్రరీ పని, ఆర్కిటెక్చర్, ఇంకా ఇన్నాళ్లూ మగవాళ్లకే ఉన్న చాలా వృత్తుల్లో సంపాదించుకోవచ్చు అంటాడు. రష్యాలో ఒక ఊరి ఫైర్ బ్రిగేడ్‌కి ఒక యువతి నాయకత్వం వహించింది అంటాడు. వైద్యవృత్తిలో ఆడవాళ్లకి గొప్ప అవకాశం ఉంది అంటాడు. అప్పటికి నాన్నగారి కనుబొమలు పైకి లేచి ఉంటాయి కదా, వెంటనే ఇంకో వాక్యం, నర్సింగ్ అయితే నేర్చుకోవడం తేలిక, పైగా ముందు నర్సుగా పనిచేసిన ప్రతి స్త్రీ మంచి భార్య, మంచి తల్లి అవుతుంది అని. కనుబొమలు దిగాయి. ఊపిరి పీల్చుకునే లోపు మళ్లీ, మొదటి శతాబ్దంలోనే ఆడవాళ్లు వైద్యం చదివారు తెలుసా అని చల్లగా అందుకుంటాడు. ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి, మళ్లీ ఒకటి ముందుకి. బ్యాడ్జీల్లో కూడా అంతే, వంట, బట్టలు ఉతకడం, కుట్టుపని పక్కనే ఎలక్ట్రిసిటీ, టెలిగ్రాఫ్, ఈత. రెండే రెండు అగ్గిపుల్లలతో ఆరుబయట మంట వెయ్యాలి, అది ఒక పరీక్ష.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నాకే వచ్చింది. మగపిల్లలకి మాత్రం సాకు లేదా? ఉంది. వాళ్ల పుస్తకం నిండా కూడా సామ్రాజ్యం, పౌరధర్మం, రాజభక్తి ఇవే. తేడా ఎక్కడుందంటే మగపిల్లాడికి దేశం కోసం అని చెప్పినా, ఇది మస్తు మజాగా ఉంటుందిరా అని కూడా అదే పేజీలో చెప్పారు. ఆడపిల్లకి మజా అన్న మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్ల నక్షత్రాలు చూడొచ్చు, కానీ గాయపడ్డ ఎవరో ఒకడి కోసం చూడాలి. టెంట్‌లో పడుకోవచ్చు, కానీ రాబోయే మొగుడి కోసం పడుకోవాలి. తనకోసం ఆకాశం చూసే హక్కు ఏ పేజీలోనూ రాసి లేదు. సాకు వల్ల వచ్చిన లాభం పెద్దదే, ఖరీదు కూడా పెద్దదే, నేను రెండోదాన్ని చిన్నది చెయ్యను.

ఆ పిల్లలు సాకుని నిజంగా నమ్మారా అంటే, వాళ్లకి నేర్పినవి ఎక్కడికి తీసుకెళ్లాయో చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గూఢచారి శాఖ, ఎమ్.ఐ.5, ఆఫీసుల మధ్య రహస్య కాగితాలు మోయడానికి ముందు బాయ్ స్కౌట్లని పెట్టుకుంది. వాళ్లు అల్లరి చేస్తున్నారు, వాగుతున్నారు అని తీసేసి గర్ల్ గైడ్లని పెట్టుకుంది. 1919లో ప్యారిస్ శాంతి సభకి వెళ్లిన బ్రిటిష్ బృందం వెంట కూడా కొంతమంది గైడ్ అమ్మాయిలు వెళ్లారు. గులాబీలు, లిల్లీలు అని పేరు పెట్టిన పిల్లలు ఇక్కడ తేలారు. ఆడాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు అని మనకో సామెత ఉంది కదా, దాన్ని సరిచెయ్యడానికి ఈ ఒక్క సంగతి సరిపోతుంది.

ఇప్పుడు ఆ సామ్రాజ్యం సంగతి. దాన్ని దాటేసి పుస్తకాన్ని మెచ్చుకుంటే మనం మనల్నే మోసం చేసుకున్నట్టు. గైడ్ అన్న పేరు బేడెన్ పావెల్ ఎక్కడినుంచి తెచ్చాడో తెలుసా? వాయవ్య సరిహద్దులో 1846లో పెషావర్ దగ్గర పెట్టిన కోర్ ఆఫ్ గైడ్స్ అనే రెజిమెంటు నుంచి. 1857లో మర్దాన్ నుంచి ఢిల్లీ దాకా నడిచొచ్చి తిరుగుబాటు సిపాయిల మీద పోరాడింది ఆ రెజిమెంటే. అంటే లండన్‌లో పాలు పితకడం నేర్చుకుంటున్న పిల్ల భుజం మీద మన 1857ని అణిచిన దళం పేరు ఉంది. అదే పేరు 1911లో జబల్‌పూర్ వచ్చింది, అక్కడ మన దేశంలో మొదటి గైడ్ జట్టు పెట్టారు, అది కూడా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకి మాత్రమే. సోదరభావం గురించి ఒక నియమం ఉంది, ప్రతి గైడూ తోటి గైడ్లందరికీ అక్కచెల్లెలే, వాళ్లు ఏ తరగతివాళ్లయినా సరే అని. కానీ ఆ అక్కచెల్లెళ్లలో మన పిల్లలు చేరడానికి కొన్నేళ్లు పట్టింది. మగపిల్లల వైపు కూడా ఇదే తంతు కాబట్టే 1916లో మద్రాసులో అనీబిసెంట్ భారతీయ పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టాల్సి వచ్చింది, తర్వాత అలహాబాదులో మాలవీయ, కుంజ్రూ వాళ్లు సేవాసమితి స్కౌట్లని నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ముక్కలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది, ఆడపిల్లల సంఘం మరుసటి ఏడాది అందులో కలిసింది.

మన దగ్గర సాకు వేరే రూపంలో వచ్చింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ ఒక పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభకి వెళ్లిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆవిడ చేతిలో ఏ హ్యాండ్‌బుక్కూ లేదు. కానీ పని అదే జరిగింది, ఇంట్లో ఉండాల్సిన వయసు అనుకునే పిల్ల నలుగురి మధ్యలో నిలబడి ఒక మగాణ్ణి, అదీ అంత పెద్ద నాయకుణ్ణి, ఆగండి అంది. ఇంగ్లండులో ఇల్లు సాకైతే ఇక్కడ దేశం సాకు. దేశం కోసం అంటే నాన్నలు గడప దాటనిచ్చారు. దేశం వచ్చేశాక ఆ గడప మళ్లీ ఎన్ని ఇళ్లలో ఎత్తు పెరిగిందో లెక్క ఎవరూ తియ్యలేదు.

ఇంకో మాట. ఆడపిల్ల బయటికి వెళ్లడం మన ఊళ్లలో ఎప్పుడూ కొత్త కాదు. నాట్లకి వెళ్లింది, కలుపుకి వెళ్లింది, మేకలు తోలుకెళ్లింది, బిందె పట్టుకుని చెరువుకి వెళ్లింది, పుల్లలు ఏరుకొచ్చింది. రెండు అగ్గిపుల్లల పరీక్ష మా అమ్మమ్మకి పెడితే ఒక పుల్ల మిగిల్చి తిరిగి ఇచ్చేది, వానాకాలం తడి కట్టెలతో కూడా. ఎవరూ ఆవిడకి బ్యాడ్జి కుట్టలేదు. అంటే మనవాళ్లకి అభ్యంతరం బయట మీద కాదు, పని లేకుండా బయట ఉండటం మీద. పొలంలో పన్నెండు గంటలు వంగి ఉంటే ఎవరూ ఏమనరు, అదే గట్టు మీద కూర్చుని అరగంట ఊరికే కాలవకేసి చూస్తే, ఏంటా పిల్ల అక్కడ కూర్చుంది అని ఊరంతా అడుగుతుంది. అందుకే మన పిల్లలకి ఈ ఉద్యమం నుంచి అక్కరకొచ్చే భాగం ఒక్కటే, క్యాంపు. రాత్రి, టెంటు, మంట చుట్టూ పాటలు, పొద్దున్నే మంచులో లేచి ముఖం కడుక్కోవడం. మిగతాదంతా మనకి ముందే ఉంది, సేవ అయితే చచ్చేంత ఉంది.

మరి మనం ఏం ఉంచుకున్నాం, ఏం పారేశాం? చాలా స్కూళ్లలో గైడ్స్ అంటే ఆగస్టు పదిహేనుకి మార్చ్ పాస్ట్, ముఖ్య అతిథి వస్తే రెండు వరసల్లో నిలబడి సెల్యూట్, బొకే ఇవ్వడానికి ఇద్దరు, ప్లేటు పట్టుకోవడానికి ఒకళ్లు. నేను చదివిన స్కూల్లో కూడా ఇదే. మెడలో స్కార్ఫ్ ఎలా మడవాలో నేర్పారు, ఆ స్కార్ఫ్‌తో చెయ్యి విరిగినవాడికి కట్టు ఎలా కట్టాలో నేర్పలేదు. రీఫ్ నాట్ అనే ముడి బొమ్మ రికార్డులో గీయించారు, పది మార్కులకి, తాడు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎమ్మెల్యే గారు రెండున్నర గంటలు లేటుగా వస్తే అంతసేపూ ఎండలో నిలబడ్డాం, ఎనిమిదో నియమం ప్రకారం నవ్వుతూ. అందరూ ఇలాగే అనను, పుష్కరాల్లో జనాన్ని క్యూలో పెట్టి, తప్పిపోయిన ముసలాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన స్కౌట్లు, గైడ్ల పిల్లల్ని చూశాను, వాళ్లది నిజమైన కష్టం. కానీ మొత్తం మీద ఆ పాత పుస్తకంలో నాన్నల కోసం రాసిన పైపూత మనం భద్రంగా దాచుకున్నాం, పిల్లల కోసం పెట్టిన లోపలి సరుకు తీసేశాం. నీలం యూనిఫాం ఉంది, అడవి లేదు.

మా వదిన ఒక ప్రభుత్వ హైస్కూల్లో టీచరు, గైడ్ కెప్టెన్ కూడా. ఆవిడ ముందు ఈ వాదనంతా పెడితే ఓపిగ్గా విని, అంతా బానే ఉందిగానీ నువ్వొచ్చి ఒకసారి పేరెంట్స్‌తో మాట్లాడు అంది. క్యాంపు అనగానే మొదటి ప్రశ్న బాత్రూమ్‌ల గురించట, అది తల్లులు అడుగుతారు, సరైన ప్రశ్నే, దానికి ఆవిడ దగ్గర జవాబు ఉంటుంది. తండ్రులది వేరే. "పగలైతే పర్లేదండి మేడమ్, నైట్ అంటే వద్దండి, పొద్దున్నే బండి మీద దింపి సాయంత్రం నేనే తీసుకెళ్లిపోతానండి." రోజూ దింపి తీసుకెళ్తే అది క్యాంపు ఎలా అవుతుంది? అందుకని ఆవిడ ఏం చేస్తుందంటే గైడ్లకిచ్చే రాజ్య పురస్కార్ సర్టిఫికెట్ సంగతి తీస్తుంది, రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉందని చెప్తుంది. రైల్వే అన్న మాట వినగానే పెన్ను జేబులోంచి బయటికి వస్తుందట.

"అదే కదా వదినా నేను రాసేది, వందేళ్ల నాటి సాకే మళ్లీ" అన్నాను.

"సాకైతే ఏంటమ్మా, పిల్ల టెంట్‌లో పడుకుందా లేదా?"

"పడుకుంది, కానీ ఉద్యోగం కోసం పడుకుంది. సరదాగా ఉంటుందని పంపండి అని ఒక్కసారైనా చెప్పొచ్చు కదా."

"నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని ఎన్నైనా చెప్తావు. సరదా అంటే ఒక్కడు సంతకం పెట్టడు. మంట ఆరిపోయాక ఒంటిగంట దాకా టెంట్‌లో కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు, నేను నిద్ర నటిస్తా. వాళ్లకి ఎందుకొచ్చారో తెలుసు, నువ్వు బెంగ పెట్టుకోకు."

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, కానీ ఒప్పుకోను కూడా. పిల్లలకి తెలిస్తే చాలదు, సంతకం పెట్టే మనిషికి కూడా ఎప్పుడో ఒకప్పుడు తెలియాలి, లేకపోతే ఆ పిల్ల కూతురి కాలానికి మళ్లీ ఇంకో కోటా వెతుక్కోవాలి. అందుకని ఈసారి అనుమతి పత్రం నేను డ్రాఫ్ట్ చేస్తానన్నాను. సర్టిఫికెట్, కోటా అన్నీ రాసి, కింద ఒక లైను పెట్టా, మీ అమ్మాయి రెండు రాత్రులు స్నేహితురాళ్లతో ఆరుబయట సరదాగా గడుపుతుంది అని. వదిన ఆ లైను కొట్టేసి పంపింది. నేను సరదాగా అన్న ఒక్క మాట తీసి మళ్లీ పంపా. స్నేహితురాళ్లతో అన్నది కూడా తియ్యి, ఏ స్నేహితురాళ్లు అని అడుగుతారు అంది. ఇంకా తేలలేదు, క్యాంపు సంక్రాంతి సెలవుల తర్వాత, అప్పటిదాకా ఈ పంచాయితీ నడుస్తూనే ఉంటుంది.